వేగాన్ని చెప్పే తీగకు నిదానం: గేర్‌బాక్స్ సెన్సార్ దోషనిర్ధారణ - మెదక్ ప్రాంత చారిత్రక నేపథ్యం

వ్యాససంగ్రహం

మోటారు వాహనంలో గేర్‌బాక్స్ వేగాన్ని తెలిపే సాధనం ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం లోహపు తీగగా ఉండి, ఆ తరువాత విద్యుత్ సంకేతంగా మారింది. ఈ మార్పు వల్ల దోషాన్ని గుర్తించే పద్ధతి, పరికరాలు, పనివారి భాష మూడూ మారవలసి వచ్చాయి. పరికరాలు మారినంత త్వరగా భాష మారలేదు. స్కానర్ 'సర్క్యూట్'లో దోషం ఉందని చెబితే, వ్యవహారంలో అది 'సెన్సార్ పోయింది' అన్న తీర్పుగా మారుతున్నది. ఈ తేడాకు గల చారిత్రక కారణాన్ని మెదక్ ప్రాంత రవాణా చరిత్ర నేపథ్యంలో పరిశీలించడం, ఆయుర్వేదంలోని నిదానపంచకం ఆధారంగా సర్క్యూట్ దోషనిర్ధారణ క్రమాన్ని తెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అల్లాదుర్గ్, మెదక్, రోడ్డు రవాణా, గేర్‌బాక్స్, స్పీడ్ సెన్సార్, సర్క్యూట్, నిదానపంచకం, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'నిదానం' అనే పదానికి రెండు ప్రధానార్థాలు ఉన్నాయి. వైద్యశాస్త్ర పరిభాషలో అది వ్యాధికి మూలకారణం, ఆ కారణాన్ని గుర్తించే విధానం. లోకవ్యవహారంలో అది తొందరపాటు లేకపోవడం. 'నిదానించి చూడు' అన్నప్పుడు ఈ రెండర్థాలూ ఒకచోట కలుస్తాయి. వాహనం వేగాన్ని కొలిచే సర్క్యూట్‌లో వచ్చిన దోషాన్ని కనుగొనడానికి కూడా ఈ రెండర్థాల నిదానమూ అవసరమే.

వృత్తివిద్యల పదజాలం తెలుగు పరిశోధనకు కొత్త విషయం కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకు, 1971లో వచ్చిన రెండవ సంపుటం చేనేత పదాలకు సంబంధించినవి. నాగలి భాగాలకు, మగ్గం భాగాలకు లభించిన ఆ శ్రద్ధ మోటారు షెడ్డులో పుట్టిన మాటలకూ దక్కవలసి ఉంది. అక్కడ మాట తప్పుగా నిలిస్తే పని కూడా తప్పుతుంది. ఈ వ్యాసం చారిత్రక, వివరణాత్మక పద్ధతులను అనుసరిస్తుంది.

2. మెదక్ దారులు - మోటారు వాహనాల రాక

అల్లాదుర్గ్ మెదక్ జిల్లాలోని మండలకేంద్రం. స్థానికులు దీన్ని అల్లాదుర్గం అని కూడా అంటారు. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పూర్వపు మెదక్ జిల్లా మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలుగా విడిపోయినప్పుడు ఈ మండలం మెదక్‌లోనే నిలిచింది. సంగారెడ్డి నుండి నాందేడ్ మీదుగా అకోలా వైపు సాగే 161వ జాతీయ రహదారి ఈ ప్రాంతం గుండా పోతుంది. హైదరాబాదును మరాఠ్వాడాతో, విదర్భతో కలిపే దారి ఇది. సరకు లారీలు, అంతర్రాష్ట్ర బస్సులు, పంటను మార్కెట్టుకు చేర్చే చిన్న వాహనాలు, ట్రాక్టర్లు ఒకే దారిని పంచుకుంటాయి. ఇటువంటి దారి పక్క పల్లెలో మెకానిక్ షెడ్డుకు వ్యవసాయంతోపాటు దూరప్రయాణమూ ఆధారం.

ఈ ప్రాంతంలో మోటారు రవాణా చరిత్రకు నిజాం కాలంలో పునాది పడింది. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక విభాగంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైంది. అప్పటి బస్సులలో స్కాట్లండుకు చెందిన ఆల్బియన్ వాహనాలు పేరుపొందాయి. ఆ శాఖే 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు మూలమైంది. యంత్రం విదేశం నుండి వచ్చినా దాని మరమ్మతు ఇక్కడే జరగాలి. ప్రభుత్వ రవాణా డిపోలు, వాటి వర్క్‌షాపులు, బయటి షెడ్లు ఈ అవసరం నుండి పుట్టిన పని బడులు. షెడ్డు భాష తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిసిన భాష అయింది. పని నేర్పేవాడు 'ఉస్తాద్', బిగించే సాధనం 'పానా', పని జరిగే చోటు 'షెడ్డు'.

వాహన తయారీ కూడా ఈ జిల్లాకు దూరంగా లేదు. 1942లో హైదరాబాదులో ఏర్పడిన ఆల్విన్ సంస్థ బస్సు బాడీల నిర్మాణంలో పేరు గడించింది. 1980ల దశకంలో ఆ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్ సహకారంతో నాటి మెదక్ జిల్లాలోని జహీరాబాద్‌లో తేలికపాటి వాణిజ్య వాహనాల కర్మాగారాన్ని నెలకొల్పింది. ఆ దశాబ్దం చివరికి అది మహీంద్రా సంస్థ చేతికి వచ్చింది. 1984లో ఇదే జిల్లా ఎద్దుమైలారంలో స్థాపించిన ఆయుధ కర్మాగారం సైన్యానికి సాయుధ శకటాలను తయారుచేసింది. ఒకవైపు ఆధునిక వాహన పరిశ్రమ, మరొకవైపు దారి పక్కన రేకుల షెడ్డు కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. యంత్రం ఆ దూరాన్ని త్వరగా దాటింది. దాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన సమాచారం మాత్రం అంత సులభంగా దాటలేదు.

3. మీటరు తీగ కాలం

1902లో జర్మనీలో ఒట్టో షుల్జే సుడి విద్యుత్ ప్రవాహ సూత్రంపై పనిచేసే వేగమాపకానికి పేటెంటు పొందాడు. దాని నిర్మాణం సరళమైనది. గేర్‌బాక్స్ బయటి షాఫ్ట్ మీద ఒక చిన్న గేరు ఉంటుంది. దానికి అమరిన పినియన్ ఒక సన్నని మెలికల తీగను తిప్పుతుంది. గొట్టం లోపల తిరిగే ఆ తీగ రెండవ కొస డ్రైవర్ ముందున్న మీటరులోని అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతం తిరిగినప్పుడు దానిచుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నెలో విద్యుత్తు పుట్టి, ఆ గిన్నె కూడా తిరగబోతుంది. సన్నని స్ప్రింగు దాన్ని ఆపుతుంది. ఈ రెండు బలాల సమతౌల్యం దగ్గర ముల్లు నిలుస్తుంది.

ఈ అమరికలో దోషం కంటికి, చెవికి, చేతికి అందుతుంది. ముల్లు వణికితే తీగకు గ్రీజు లేదు. కీచుమని శబ్దం వస్తే తీగ గొట్టాన్ని ఒరుసుకుంటున్నది. ముల్లు అసలు లేవకపోతే తీగను మీటరు దగ్గర విప్పి, వాహనాన్ని మెల్లగా కదిలించి చూస్తారు. తీగ కొస తిరుగుతుంటే దోషం మీటరులో ఉంది. తిరగకపోతే తీగ తెగి అయినా ఉండాలి, దాని చదరపు కొస అరిగి అయినా ఉండాలి, గేర్‌బాక్స్ దగ్గరి పినియన్ పళ్లు పోయి అయినా ఉండాలి. తీగను బయటికి లాగితే ఈ మూడింటిలో ఏదో తేలిపోతుంది.

ఈ పద్ధతిలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, నాటి పనివాడు దారి మొత్తాన్ని పరీక్షించేవాడు. వేగం గేర్‌బాక్స్ దగ్గర పుట్టి మీటరు దగ్గర కనిపిస్తుంది కనుక, మధ్యలో ఎక్కడ ఆగిందో చూసేవాడు. రెండవది, దోషం ఎప్పుడూ చేత పట్టుకోదగిన ఒక వస్తువులోనే ఉండేది. తెగిన తీగను యజమానికి చూపించవచ్చు. 'మీటరు తీగ పోయింది' అన్న వాక్యానికి తెగిన తీగే సాక్ష్యం. తరువాతి కాలంలో మొదటి గుణం మరుగున పడి, రెండవ అలవాటు మాత్రం నిలిచిపోయింది.

4. తీగ నుండి సంకేతానికి

తీగ స్థానంలో వచ్చిన సెన్సార్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది 1831లో మైకేల్ ఫారడే వెల్లడించిన విద్యుదయస్కాంత ప్రేరణపై ఆధారపడినది. అయస్కాంతం చుట్టూ తీగచుట్ట ఉంటుంది. దాని ఎదుట పళ్లచక్రం తిరిగినప్పుడు ఒక్కొక్క పన్ను దాటే కొద్దీ చుట్టలో ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. దీనికి సాధారణంగా రెండు వైర్లు ఉంటాయి. బయటి విద్యుత్తు అవసరం లేదు. వేగం పెరిగితే పన్నుల లెక్కతోపాటు వోల్టేజీ కూడా పెరుగుతుంది. చాలా తక్కువ వేగంలో సంకేతం బలహీనంగా ఉంటుంది.

రెండవది 1879లో ఎడ్విన్ హాల్ గుర్తించిన ప్రభావంపై ఆధారపడినది. దీనికి సాధారణంగా మూడు వైర్లు ఉంటాయి: సరఫరా, ఎర్త్, సంకేతం. ఇది వేగంతో సంబంధం లేకుండా ఉన్నదీ లేనిదీ అన్నట్లు రెండే స్థాయిల మధ్య మారే చదరపు సంకేతాన్ని ఇస్తుంది. నిదానంగా కదిలేటప్పుడు కూడా లెక్క తప్పదు. అయితే సరఫరా గానీ ఎర్త్ గానీ సరిగా లేకపోతే సెన్సార్ ఎంత బాగున్నా మూగబోతుంది.

గేర్లను కంప్యూటర్ మార్చే వాహనాలలో ఈ సంకేతానికి మరింత బాధ్యత ఉంది. అక్కడ గేర్‌బాక్స్‌లోనికి వచ్చే షాఫ్ట్ వేగాన్ని ఒక సెన్సార్, బయటికి పోయే షాఫ్ట్ వేగాన్ని మరొకటి చెబుతాయి. లోపలి వేగం నిమిషానికి 2000 చుట్లు, బయటి వేగం 1000 చుట్లు అయితే నిష్పత్తి రెండు. ఆ సమయంలో వేసిన గేరు నిష్పత్తి కూడా రెండే అయితే అంతా సక్రమమని కంప్యూటర్ నిశ్చయిస్తుంది. బయటి సంకేతం అందకపోతే వాహనం కదలడం లేదనో, లోపల క్లచ్ జారుతున్నదనో భావించి రక్షణ స్థితిలోకి వెళుతుంది. అప్పుడు వాహనం ఒకే గేరులో సాగవచ్చు, గేరు మారేటప్పుడు కుదుపు రావచ్చు. సన్నని వైరులో పుట్టిన దోషం పెద్ద యంత్రదోషంలా కనిపిస్తుంది.

దోషాన్ని వాహనమే నమోదు చేసుకునే ఏర్పాటు అమెరికాలోని కాలిఫోర్నియాలో 1988 నమూనా సంవత్సరం నుండి నిబంధన అయింది. 1996 నుండి అమెరికా అంతటా ఉమ్మడి సంకేతాలతో కూడిన రెండవ దశ అమలైంది. భారతదేశంలో నాలుగు చక్రాల వాహనాలకు భారత్ స్టేజ్ నాలుగు ప్రమాణాలతోపాటు ఈ ఏర్పాటు ప్రవేశించింది. ఆ ప్రమాణాలు 2010 ఏప్రిల్‌లో హైదరాబాదు సహా ప్రధాన నగరాలలో, 2017 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలయ్యాయి. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ ఆరు వచ్చింది. మరోవైపు 2014లో మారుతి సెలెరియోతో స్వయంగా గేర్లు మార్చుకునే తక్కువ ధర కార్లు మధ్యతరగతికి అందాయి. నగరంలో మొదలైన ఈ మార్పు కొన్నేళ్లలోనే పల్లె షెడ్డు ముందుకు వచ్చి నిలిచింది.

5. జారిపోయిన మాట

స్కానర్ చూపే సంకేతాలలో పి0715 గేర్‌బాక్స్ లోపలి వేగ సెన్సార్ సర్క్యూట్‌కు, పి0720 బయటి వేగ సెన్సార్ సర్క్యూట్‌కు సంబంధించినవి. పి0721 సంకేతం ఉండవలసిన తీరులో లేదని, పి0722 అసలు సంకేతమే అందడం లేదని, పి0723 అది వస్తూ పోతూ ఉందని సూచిస్తాయి. ఇవన్నీ కంప్యూటర్ తన దగ్గర గమనించిన విషయాన్ని చెప్పే మాటలు. సెన్సార్ చెడిందని వీటిలో ఏదీ చెప్పదు. కంప్యూటర్‌కు సెన్సార్ కనిపించదు. తన దాకా వచ్చిన వైరు చివర ఏమి వినిపించిందో మాత్రమే దానికి తెలుసు.

వ్యవహారంలో ఈ పేరు నుండి 'సర్క్యూట్' అనే మాట జారిపోతుంది. 'సెన్సార్ కోడ్ వచ్చింది' అన్న మాట తరువాతి క్షణంలో 'సెన్సార్ పోయింది' అవుతుంది. కొత్త సెన్సార్ కొనడం దాని సహజ పర్యవసానం. సర్క్యూట్ అంటే సెన్సార్ ఒక్కటే కాదు. పళ్లచక్రం, దానికీ సెన్సార్‌కూ మధ్య ఖాళీ, సెన్సార్, కప్లర్, వైర్లు, ఎర్త్ బిందువు, కంప్యూటర్ వైపు కప్లర్, చివరికి కంప్యూటర్‌లోని గ్రహణభాగం కలిస్తేనే సర్క్యూట్. ఇన్నింటిలో ఏది చెడినా సంకేతసంఖ్య ఒకటే కావచ్చు.

ఈ జారుపాటును పనివారి అజ్ఞానంగా కొట్టిపారేయడం చరిత్రను విస్మరించడమే. తీగ కాలంలో చెడిపోయేది వస్తువు. దాన్ని మారిస్తే పని పూర్తయ్యేది. ఆ అనుభవం మీద ఏర్పడిన వాక్యనిర్మాణంలోనే కొత్త సాధనాన్నీ ఇమిడ్చారు. 'మీటరు తీగ పోయింది' స్థానంలో 'సెన్సార్ పోయింది' వచ్చింది. వాక్యంలో నామవాచకం మారింది, ఆలోచన మారలేదు. పైగా పాఠ్యపుస్తకాల తెలుగులో సర్క్యూట్‌ను 'వలయం' అంటారు, షెడ్డులో 'లైన్' అంటారు. 'లైన్' అన్నప్పుడు ఒక కొస నుండి మరో కొసకు పోయే దారి మాత్రమే స్ఫురిస్తుంది. తిరిగివచ్చే దారి, అనగా ఎర్త్, ఆ మాటలో కనిపించదు. ఆచరణలో సర్క్యూట్ దోషాలలో ఎర్త్ దోషాలే తరచుగా కన్నుగప్పుతాయి.

6. నిదానపంచకం - దోషనిర్ధారణ క్రమం

ఆయుర్వేదంలో రోగనిర్ణయానికి ఐదు సాధనాలు చెప్పారు. అవి నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. మాధవకరుని మాధవనిదానం ఈ ఐదింటి ఆధారంగా వ్యాధులను వివరించిన ప్రసిద్ధ గ్రంథం. శరీరం వేరు, యంత్రం వేరు. యంత్రానికి వైరింగ్ పటం ఉంటుంది, శరీరానికి అటువంటిది లేదు. అయినా కనిపించని దోషాన్ని కనిపించే లక్షణాల నుండి ఊహించి, ఆ ఊహను పరీక్షించే క్రమం రెండింటికీ సమానం.

6.1 రూపం, పూర్వరూపం

రూపం అంటే బయటపడిన లక్షణం. ముల్లు పడిపోవడం, గేర్లు మారకపోవడం, హెచ్చరిక దీపం వెలగడం ఈ కోవలోనివి. పూర్వరూపం అంటే వ్యాధి పూర్తిగా బయటపడకముందు తోచిన సూచన. ఇది డ్రైవరును అడిగితేనే తెలుస్తుంది. దోషం వానలో తడిసిన తరువాత మొదలైందా, ఇంజిను బాగా వేడెక్కాకనే వస్తున్నదా, గతుకుల దారిలో మాత్రమే వచ్చిపోతున్నదా, ఇటీవల క్లచ్ పని గానీ గేర్‌బాక్స్ పని గానీ జరిగిందా అన్న ప్రశ్నలకు జవాబులు సగం పనిని తేలుస్తాయి. తడిసిన తరువాత వస్తే కప్లర్‌ను, వేడిలో వస్తే సెన్సార్ లోపలి చుట్టను, గతుకుల్లో వస్తే వైరును, గేర్‌బాక్స్ పని తరువాత వస్తే నలిగిన వైరును గానీ బిగించని ఎర్త్‌ను గానీ ముందుగా అనుమానించాలి. స్కానర్‌లో దోషం పుట్టిన క్షణంలోని వేగం, వేడి వంటి వివరాలు నిల్వ ఉంటాయి. సంకేతాన్ని చెరిపివేయడానికి ముందే వాటిని రాసుకోవాలి. చెరిపితే పూర్వరూపం కూడా చెరిగిపోతుంది.

6.2 నిదానం

ఇక్కడ నిదానం అంటే హేతువు. మెదక్ ప్రాంతపు ఎండ, దుమ్ము, వానాకాలపు బురద కప్లర్లకు, వైరు తొడుగులకు పరీక్ష పెడతాయి. నిలిపి ఉంచిన వాహనాలలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. గేర్‌బాక్స్‌లో అరిగిన లోహపు పొడి అయస్కాంతం ఉన్న సెన్సార్ కొసకు అంటుకొని పన్నుల లెక్కను తప్పిస్తుంది. అందుచేత మీటర్ తీయడానికి ముందు కంటితో చూడవలసినవి చాలా ఉన్నాయి. కప్లర్‌లో పచ్చని చిలుము పట్టిందా, పిన్ను వెనక్కు జరిగిందా, వైరు పొగగొట్టానికి తగులుతున్నదా, నూనె కారి కప్లర్‌లో చేరిందా చూడాలి.

6.3 సంప్రాప్తి

హేతువు నుండి లక్షణం దాకా దోషం నడిచిన దారి సంప్రాప్తి. సర్క్యూట్ పరీక్షకు హృదయం ఇదే. ముందుగా స్కానర్‌లో వేగపు అంకెను వాహనం కదులుతుండగా చూడాలి. డ్రైవరు ముందున్న మీటరు పనిచేస్తూ గేర్‌బాక్స్ వేగం మాత్రం సున్నా చూపితే, ఆ వాహనంలో మీటరుకు వేగం చక్రాల సెన్సార్ల నుండి వస్తుండవచ్చు. అప్పుడు దోషం గేర్‌బాక్స్ సెన్సార్ దారికి పరిమితమైందని తెలుస్తుంది.

మూడు వైర్ల సెన్సార్‌కు కప్లర్ తగిలించి ఉండగానే, తాళం వేసి, వెనుకవైపు నుండి మీటర్ మొన పెట్టి కొలవాలి. సరఫరా వైరులో తయారీదారు చెప్పిన వోల్టేజీ ఉండాలి. వాహనాన్నిబట్టి అది 5 గానీ బ్యాటరీతో సమానంగా గానీ ఉంటుంది. ఎర్త్ వైరుకు, బ్యాటరీ రుణధ్రువానికి మధ్య వోల్టేజీ దాదాపు సున్నా కావాలి. అక్కడ అర వోల్టు కనిపించినా ఎర్త్ దారిలో అడ్డు ఉన్నట్లే. తరువాత చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ సంకేతపు వైరును చూడాలి. పై స్థాయికీ కింది స్థాయికీ మారుతుంటే సెన్సార్ మాట్లాడుతున్నది. ఆ మాటే కంప్యూటర్ వైపు కప్లర్ దగ్గర వినిపించకపోతే దోషం మధ్య వైరులో ఉంది.

సంకేతం మారకుండా ఒకేచోట నిలిచినప్పుడు తర్కం ఇంకా సూక్ష్మమవుతుంది. చాలా అమరికలలో సంకేతపు వైరుకు పై వోల్టేజీని కంప్యూటరే ఇస్తుంది, సెన్సార్ దాన్ని కిందికి లాగుతుంది. అటువంటి వాహనంలో 5 వోల్టుల దగ్గర నిలిచిపోతే సెన్సార్ లాగడం లేదు. సరఫరా, ఎర్త్ బాగున్నప్పుడు కారణం సెన్సార్‌లో గానీ, పళ్లచక్రంలో గానీ, మధ్య ఖాళీలో గానీ ఉంటుంది. సున్నా దగ్గర నిలిచిపోతే కప్లర్ తీసి చూడాలి. తీయగానే 5 వోల్టులకు లేస్తే సెన్సార్ లోపలే షార్ట్ ఉంది. అప్పటికీ లేవకపోతే సెన్సార్ నిర్దోషి. వైరు ఎక్కడో బాడీకి తగిలి ఉండాలి, లేదా తెగి ఉండాలి, లేదా కంప్యూటర్ వోల్టేజీ ఇవ్వడం లేదు. ఒక్క కప్లర్ తీయడంతో దోషం ఉన్న ఇల్లు రెండు గదులుగా విడిపోతుంది.

రెండు వైర్ల సెన్సార్‌కు నిరోధం కొలిచి తయారీదారు ఇచ్చిన విలువతో పోల్చాలి. ఒక్కొక్క వైరు బాడీకి తగలకుండా ఉందో లేదో వేరుగా చూడాలి. చల్లగా ఉన్నప్పుడు సరిగా ఉన్న చుట్ట వేడిలో తెగినట్లు ప్రవర్తించవచ్చు. కనుక వేడిలోనూ కొలవాలి. నిరోధం సరిగా ఉన్నంత మాత్రాన సెన్సార్ సరైనదని చెప్పలేం. చక్రం తిరిగినప్పుడు ఏకాంతర వోల్టేజీ పుట్టడమే అసలు సాక్ష్యం. వచ్చిపోయే దోషానికి వైరును చోటు చోటునా మెల్లగా కదిలిస్తూ మీటరును గమనించడం ఉత్తమం.

ఈ పనికి పాత బల్బు టెస్టర్ పనికిరాదు. దీపాలకు, హారన్‌కు విద్యుత్తు అందుతున్నదో లేదో చెప్పడానికి పుట్టిన ఆ సాధనం తాను వెలగడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. సన్నని సంకేతపు వైరులో దాన్ని పెడితే సంకేతం చెడిపోవచ్చు, కంప్యూటర్ భాగం కూడా దెబ్బతినవచ్చు. కరెంటును దాదాపు లాగకుండా కొలిచే డిజిటల్ మీటర్ ఈ పనికి తగినది. నిరోధం కొలిచేటప్పుడు మాత్రం విద్యుత్తు ఆపి ఉంచాలి.

6.4 ఉపశయం

మందు ఇచ్చి, దాని ఫలితాన్నిబట్టి వ్యాధిని గుర్తించడం ఉపశయం. మంచి సెన్సార్‌ను తగిలించి చూడడం ఈ కోవలోనిదే. లక్షణాలు గూఢంగా ఉన్న వ్యాధిని ఉపశయ, అనుపశయాలతో పరీక్షించాలని చరకసంహిత చెబుతుంది. అంటే అది ఇతర సాధనాలతో తేలని చోట వాడే పరీక్ష. సంకేతసంఖ్య చూడగానే సెన్సార్ మార్చడం ఈ క్రమాన్ని తలకిందులు చేస్తుంది. అంతేకాక కప్లర్ తీసి పెట్టినప్పుడు చిలుము కొంత రాలి, పిన్నులు తాత్కాలికంగా కలిసి, దోషం కొన్నాళ్లు మాయమవుతుంది. ఘనత కొత్త సెన్సార్‌కు దక్కుతుంది, కారణం కప్లర్‌లో అలాగే ఉంటుంది. పాత సెన్సార్‌ను మళ్లీ తగిలించి దోషం తిరిగి వస్తున్నదో లేదో చూసినప్పుడే ఉపశయం ప్రమాణమవుతుంది.

7. భద్రత, జీవనోపాధి

ఈ చర్చ షెడ్డుకే పరిమితం కాదు. 2015 ఏప్రిల్‌లో సవరించిన కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం ఆ ఏడాది అక్టోబరు 1 నుండి తయారయ్యే రవాణా వాహనాలకు, నియమాలలో మినహాయించినవి తప్ప, గంటకు 80 కిలోమీటర్ల గరిష్ఠ పరిమితితో వేగనియంత్రకం తప్పనిసరి అయింది. పాఠశాల బస్సులు, ట్యాంకర్లు, డంపర్ల వంటి వాటికి ఆ పరిమితి 60 కిలోమీటర్లు. వేగనియంత్రకానికి వాహనం ఎంత వేగంతో పోతున్నదో చెప్పేది ఈ వేగ సంకేతమే. తప్పుడు సంకేతం అందితే నియంత్రకం తప్పుడు నిర్ణయం చేస్తుంది. 161వ రహదారి వంటి చోట, ట్రాక్టరు, ద్విచక్రవాహనం, అంతర్రాష్ట్ర లారీ పక్కపక్కనే పోయే దారిలో, ఆ తప్పుకు మూల్యం చెల్లించేది వాహనం లోపలివారు మాత్రమే కాదు. సంకేతపు వైరును కావాలని తెంచి పరిమితిని తప్పించుకోవడం నేరమే కాదు, ఆ మార్పు తెలియని తరువాతి మెకానిక్‌ను తప్పుదారి పట్టించే దోషబీజం కూడా.

జీవనోపాధి కోణం కూడా అంతే ముఖ్యం. వాయిదాలు కడుతూ సొంత బండి నడుపుకునే డ్రైవరుకు వాహనం నిలిచిన రోజు ఆదాయం లేని రోజు. అవసరం లేని సెన్సార్ కొని, అదే దోషంతో మూడో రోజు తిరిగివస్తే అతడు కోల్పోయేది సెన్సార్ ఖరీదు ఒక్కటే కాదు. మెకానిక్ కోల్పోయేది నమ్మకం. దారి పక్క షెడ్డుకు అంతకు మించిన పెట్టుబడి లేదు. అరగంట కొలతకు కూలి అడగడం కష్టమని, మార్చిన వస్తువుకు డబ్బు తీసుకోవడం సులభమని భావించే అలవాటు ఉన్నంతకాలం నిర్ధారణకు విలువ రాదు. కొలవడం కూడా పనేనని యజమాని అంగీకరించడం ఈ మార్పులో భాగం.

8. భాష - పనిజ్ఞానం

1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రవిషయాలను తెలుగులో చెప్పవచ్చని తన ప్రచురణల ద్వారా నిరూపించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఉన్నత విద్యకు పాఠ్యగ్రంథాలను, పరిభాషను అందించింది. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో మోటారు వాహన మెకానిక్ శిక్షణ రెండేళ్ల కోర్సుగా ఉంది. ఈ మూడు ప్రయత్నాలు కలిసే చోట వాహన దోషనిర్ధారణకు తెలుగు పాఠం రూపొందాలి.

అటువంటి పాఠంలో పదాల ఎంపిక కీలకం. సెన్సార్, కప్లర్, వైరింగ్, ఎర్త్, షార్ట్ వంటి మాటలు ఇప్పటికే తెలుగు పనివాడి సొంతం. వాటిని తొలగించి 'సంవేదకం', 'భూసంధానం' అనడం వల్ల ప్రయోజనం లేదు. కావలసింది మాటను మార్చడం కాదు, మాట వెనుక ఉన్న భావనను నిలపడం. 'లైన్ చూడు' అన్న ఆదేశానికి 'పోయే లైన్, వచ్చే లైన్ రెండూ చూడు' అన్న అర్థాన్ని కలపగలిగితే పాఠం సగం నెరవేరినట్లే. 'సెన్సార్ పోయింది' అనడానికి ముందు 'సెన్సార్ మాట అందడం లేదు' అనగలిగితే తరువాతి ప్రశ్న దానంతట అదే వస్తుంది: ఆ మాట ఎక్కడ ఆగింది?

9. ముగింపు

పై పరిశీలనలో తేలిన ముఖ్యాంశాలు ఇవి:

1. గేర్‌బాక్స్ వేగాన్ని తెలిపే సాధనం తీగ నుండి సంకేతానికి మారినప్పుడు దోషం చేతికందే వస్తువు నుండి కంటికి కనిపించని దారికి మారింది.

2. స్కానర్ సంకేతం సర్క్యూట్‌ను సూచిస్తుంది, వస్తువును కాదు. వ్యవహారంలో 'సర్క్యూట్' అనే మాట జారిపోవడం తీగ కాలపు వాక్యనిర్మాణం కొనసాగింపు. అది అనవసరపు మార్పిడులకు దారితీస్తున్నది.

3. మీటరు తీగ కాలపు పనివాడికి దారి మొత్తాన్ని పరీక్షించే గుణం ఉండేది. నేటి సర్క్యూట్ పరీక్షకు కావలసింది కూడా అదే గుణం. పాత పనిజ్ఞానాన్ని వదులుకోనవసరం లేదు, దానికి మీటరును తోడివ్వాలి.

4. నిదానపంచకంలో ఉపశయానికి ఉన్న పరిమిత స్థానమే వాహనంలో సెన్సార్ మార్పిడికీ ఉండాలి. కొలత ముందు, మార్పిడి తరువాత.

5. వేగనియంత్రకం తప్పనిసరి అయిన నేపథ్యంలో ఈ నిర్ధారణ దారిభద్రతతో ముడిపడిన విషయం.

వ్యవసాయ, చేనేత వృత్తుల పదాలను సేకరించిన సంప్రదాయం మోటారు షెడ్డు దాకా విస్తరించినప్పుడు పదకోశానికి కొన్ని ఆరోపాలు చేరడంతో పని ముగియదు. ఒక్కొక్క మాట ఏ పనిని సరిగా నడిపిస్తున్నదో, ఏ పనిని పక్కదారి పట్టిస్తున్నదో కూడా నమోదు కావాలి. అల్లాదుర్గ్ వంటి రహదారి పల్లెల షెడ్లు అటువంటి పరిశోధనకు తగిన క్షేత్రాలు.